ఫాగ్ లైట్ల స్విచ్ వైరు కారు లోపలికి తేవడం ఎలా: ఫైర్‌వాల్ దాటించే పద్ధతి

బయట కొన్న ఫాగ్ లైట్లు బంపర్‌కి బిగించడం పెద్ద పనేం కాదు. బ్రాకెట్లు, నాలుగు బోల్టులు, అయిపోయింది. అసలు పని స్విచ్ వైరు కారు లోపలికి తెచ్చే దగ్గరే మొదలవుతుంది. ఇంజినుకీ మన కాళ్లకీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది, దాన్నే ఫైర్‌వాల్ అంటారు. దాన్ని దాటించే ఓపిక లేక చాలామంది, కొన్ని యాక్సెసరీ షాపుల వాళ్లతో సహా, బానెట్ పక్క సందులోంచి వైరు బయటికి తీసి, డోర్ రబ్బరు కింద నుంచి లోపలికి లాగేసి, పైన నల్ల టేపు చుట్టి పంపించేస్తారు. ఆ రోజుకి లైటు వెలుగుతుంది, మనమూ సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేస్తాం. తర్వాత డోర్ వేసిన ప్రతిసారీ ఆ వైరు నలుగుతుంది, వానాకాలంలో దాని వెంటే నీళ్లు లోపలికి కారతాయి, ఎప్పుడో ఒకరోజు పైతొక్క తెగి రేకుకి తగులుతుంది. సరైన దారిలో తేవడానికి ఒక పూట పడుతుంది, అంతే.

ముందు, ఏ వైర్లు గోడ దాటాలో తేల్చుకోండి

మార్కెట్లో దొరికే రిలే కిట్లు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. బ్యాటరీ ప్లస్‌కి వెళ్లే ఎర్ర వైరు, దాని మీద ఫ్యూజ్, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే డబ్బా), రెండు లైట్లకి వెళ్లే కనెక్టర్లు, ఎర్త్‌కి థింబుల్ (బోల్టు కింద బిగించే రింగు) వేసిన నల్ల వైరు, వీటికి తోడు స్విచ్‌కి వెళ్లే పొడవాటి మూడు వైర్లు. రెండు 55 వాట్ల హాలోజన్ బల్బులంటే 110 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు. ఈ 9 ఆంపియర్లు బ్యాటరీ, ఫ్యూజ్, రిలే, లైటు అనే దారిలో ఇంజిన్ గదిలోనే తిరిగి ఆగిపోవాలి. రిలే ఉన్నదే అందుకు. లోపలి స్విచ్ నడిపించేది రిలేలో ఉన్న చిన్న కాయిల్‌ని మాత్రమే, దానికి పావు ఆంపియర్ కూడా పట్టదు. కాబట్టి లావు వైర్లు క్యాబిన్‌లోకి రావాల్సిన అవసరమే లేదు. ఎవరైనా రిలే లేకుండా బ్యాటరీ వైరుని నేరుగా స్విచ్‌కి తెస్తానంటే ఆ పని వాళ్లకి ఇవ్వకండి.

ఇంకా తగ్గించొచ్చు. స్విచ్‌కి వెళ్లే మూడు వైర్లలో ఒకటి దానికి సప్లై, ఒకటి దానిలోని చిన్న ఇండికేటర్ బల్బుకి ఎర్త్, మూడోది రిలే 86 నంబరు పిన్నుకి వెళ్లేది. సప్లైనీ ఎర్త్‌నీ క్యాబిన్ లోపలే, స్టీరింగ్ కిందో గ్లవ్ బాక్స్ వెనకో ఉండే ఫ్యూజ్ బాక్స్ దగ్గర తీసుకోవచ్చు. అప్పుడు గోడ దాటేది ఒకే ఒక్క సన్నని వైరు. పైగా సప్లైని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి తీసుకుంటే, మీరు మర్చిపోయినా బండి ఆపగానే లైట్లు ఆరిపోతాయి, పొద్దున్నే బ్యాటరీ డెడ్ అయ్యే టెన్షన్ ఉండదు. నన్నడిగితే కిట్‌తో వచ్చిన మూడు వైర్లనీ అలాగే లాగడం కంటే ఇదే మేలు. మూడూ లాగాలనుకున్నా పద్ధతి అదే, చిల్లు కొంచెం పెద్దది కావాలి.

మ్యూజిక్ సిస్టమ్‌కి ఆంప్లిఫైయర్ పెడుతున్నవాళ్ల సంగతి వేరు. అక్కడ బ్యాటరీ నుంచి డిక్కీ దాకా లావు కేబుల్ రావాల్సిందే, దాని గురించి చివర్లో చెప్తాను.

సామాన్లు

టార్చి (తలకి కట్టుకునేదైతే ఇంకా మంచిది), 10 నంబర్ స్పానర్, నోస్ ప్లయర్, టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు), మల్టీమీటర్, ఒక దబ్బనం, ఇంట్లో బట్టలు తగిలించే ఇనుప హ్యాంగర్ ఒకటి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, కేబుల్ టైలు, మడతల నల్ల ప్లాస్టిక్ స్లీవ్, బట్ట టేపు. మామూలు పీవీసీ ఇన్సులేషన్ టేపు ఇంజిన్ వేడికి జిగురు కారి ఊడిపోతుంది, అక్కడ బట్ట టేపే నిలుస్తుంది. వైరు విడిగా కొంటే 0.75 చదరపు మి.మీ. ఆటో గ్రేడ్ రాగి వైరు తీసుకోండి. కరెంటుకి ఇంకా సన్నది సరిపోతుంది కానీ లాగేటప్పుడు తెగకూడదు కదా. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, విజయవాడలో ఆటోనగర్‌లో ఇవన్నీ దొరుకుతాయి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్కలు మాత్రం వాడకండి. వాటి పైతొక్క బానెట్ కింది వేడికీ, నూనెకీ తట్టుకునేలా చేసింది కాదు.

బ్యాటరీ మైనస్ ఊడదీయండి

మైనస్సే ముందు ఎందుకంటే, ప్లస్ నట్టు విప్పుతుండగా స్పానర్ రెండో కొస బాడీకి తగిలితే నేరుగా షార్ట్. మైనస్ తీసేశాక తగిలినా ఏం కాదు. తిరిగి పెట్టేటప్పుడు మైనస్ ఆఖర్న. గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి, కొన్ని బండ్లలో పవర్ విండో ఆటో కూడా మళ్లీ సెట్ చేసుకోవాలి, ఓనర్స్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. మైనస్ తీశాక కొన్ని నిమిషాలు ఆగి డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టండి. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు, పసుపు స్లీవ్ వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి. వాటిని ముట్టుకోవద్దు, టెస్ట్ ల్యాంప్ అసలే పెట్టొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. అలాంటి బండి అయితే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి.

దారి వెతకడం

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే. ఫైర్‌వాల్‌కి కంపెనీ వాళ్లే చాలా చిల్లులు పెట్టి ఉంటారు, వాటిలో ఒకదాన్ని వాడుకోవడమే మన పని.

మొదట చూడాల్సింది మెయిన్ వైరింగ్ దాటే పెద్ద రబ్బరు గ్రోమెట్. చేతి మందాన వైర్ల కట్ట ఒకటి ఇంజిన్ గదిలోంచి లోపలికి వెళ్తూ కనిపిస్తుంది, దాని చుట్టూ ఉన్న నల్ల రబ్బరే గ్రోమెట్. చాలా గ్రోమెట్లకి పక్కన చిన్న చిన్న రబ్బరు ముక్కులు మూసి ఉంటాయి, వేలి కొసంత పొడవు, లోపల బోలు. ఆ ముక్కులు అదనపు వైర్ల కోసం వదిలినవే. అది దొరికితే మీ పంట పండినట్టే. కొస కత్తిరించి, వైరు దూర్చి, టేపు చుట్టేస్తే కంపెనీ ఫిట్టింగ్‌లాగే ఉంటుంది. కత్తిరించేటప్పుడు కొసన ఒక్క రవ్వ మాత్రమే తీయండి, చిల్లు వైరు కంటే ఇరుకుగా ఉండాలి.

రెండోది, ఖాళీగా మూసేసిన చిల్లులు. ఒకే బాడీని కుడి స్టీరింగ్ దేశాలకీ ఎడమ స్టీరింగ్ దేశాలకీ తయారుచేసే మోడళ్లలో, రెండో వైపుకి కావాల్సిన చిల్లులు కూడా రేకులో ఉంటాయి, వాటికి రబ్బరు మూతో ప్లేటో వేసి పంపిస్తారు. మనవి కుడి స్టీరింగ్ బండ్లు కాబట్టి ఎడమ పక్క, అంటే ముందు కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర, గ్లవ్ బాక్స్ వెనక వెతకండి. చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కితే కిందికి దిగిపోతుంది.

మూడోది, బానెట్ తెరిచే కేబుల్ వెళ్లే దారి. గ్రోమెట్ చిన్నది, ఒక్క సన్న వైరుకి సరిపోతుంది. పాత బండ్లలో క్లచ్ కేబుల్, మారుతి 800 లాంటి వాటిలో స్పీడోమీటర్ కేబుల్ దారి కూడా ఉండేది. కానీ క్లచ్ కేబుల్ కదులుతుంది, దాని పక్కనుంచి వైరు వేస్తే రాపిడి తప్పదు.

వెళ్లకూడని చోట్లు కూడా చెప్పుకోవాలి. స్టీరింగ్ రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు వద్దు, రాడ్ తిరిగినప్పుడు వైరుని చుట్టుకుంటుంది. బ్రేక్ బూస్టర్ (బ్రేక్ పెడల్‌కి ఎదురుగా ఇంజిన్ వైపు ఉండే గుండ్రటి డబ్బా) దగ్గర వద్దు. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు ఖాళీ చిల్లులా కనిపించి ఊరిస్తుంది, అందులో దూర్చారంటే ఏసీ నీళ్లన్నీ కార్పెట్‌లోకే.

లోపల కనిపించే గ్రోమెట్, బయట కనిపించేది ఒకటేనా అని అనుమానం వస్తుంది. ఒకరిని బానెట్ దగ్గర నిలబెట్టి, మీరు లోపల నుంచి రబ్బరుని వేలితో నొక్కండి, బయట ఏది కదిలితే అదే. లోపలి వైపు రేకు మీద మందపాటి చాప లాంటి ఇన్సులేషన్ ఉంటుంది, చిల్లు దాని వెనక దాక్కుని ఉండొచ్చు. చాపని మెల్లగా పక్కకి లాగి చూడండి, కోసేయకండి. చప్పుడూ వేడీ లోపలికి రాకుండా ఆపేది అదే.

వైరు దాటించడం

గ్రోమెట్‌కి ముక్కు లేకపోతే రబ్బరులోనే చిల్లు పెట్టాలి. వైర్ల కట్టకి దూరంగా, రబ్బరు చదునుగా ఉన్నచోట దబ్బనం గుచ్చండి. కట్ట మధ్యలోకి ఎప్పుడూ గుచ్చొద్దు. లోపల ఉన్నవి ఇంజిన్ కంప్యూటర్ వైర్లు, ఏబీఎస్ వైర్లు. ఒకదాని పైతొక్కకి దబ్బనం మొన తగిలినా ఆ పూటకి ఏమీ తెలియదు, ఆరు నెలలకి తడి చేరి చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కారణం ఎవరికీ అంతుపట్టదు. బ్లేడుతో గీత కోయడం కూడా తప్పే. గీత రోజురోజుకీ చిరుగుతూ పోతుంది, గుండ్రటి చిల్లు అలా చిరగదు, వైరుని చుట్టూ బిగించి పట్టుకుంటుంది.

ఇప్పుడు హ్యాంగర్ తీగని తిన్నగా చేసి, కొసని చిన్న గుండ్రంలా వంచండి. మొన అలాగే ఉంచితే అవతల ఏ పైపులో గుచ్చుకుంటుందో తెలియదు. గుండ్రం మీద బట్ట టేపు ఒక చుట్టు వేసి, దానికి సబ్బు లిక్విడ్ రాసి, గ్రోమెట్ బాగా కనిపించే వైపు నుంచి దూర్చండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, వాజలీన్ రాయకండి. ఈ గ్రోమెట్లు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. సబ్బు నీళ్లయితే ఆరిపోతాయి, గొడవ లేదు.

తీగ అవతలికి రాగానే వైరు కొసని దానికి ఆనించి టేపు చుట్టండి. మూడు వైర్లయితే మూడు కొసలూ ఒకేచోట కట్టొద్దు, ఒకదాని వెనక ఒకటి రెండేసి సెంటీమీటర్ల ఎడంతో కడితే కట్ట మొన సన్నగా ఉండి సులువుగా దూరుతుంది. ఒకరు ఇటు నుంచి తోస్తుంటే ఇంకొకరు అటు నుంచి లాగండి. ఆగిపోతే గట్టిగా గుంజకండి, గ్రోమెట్ మొత్తం రేకులోంచి ఊడి వస్తుంది, మళ్లీ కూర్చోబెట్టడం నరకం. కొంచెం వెనక్కి తీసి, సబ్బు రాసి, తిప్పుతూ తోయండి.

కిట్‌తో వచ్చిన మూడు వైర్లే లాగుతుంటే ఇక్కడ ఒక చిక్కు ఉంటుంది. స్విచ్ కొసన ఉన్న తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ ఏ చిల్లులోనూ పట్టదు. చాలామంది వెంటనే కట్టర్ తీసి వైర్లు కత్తిరించి, లోపల మళ్లీ మెలిపెట్టి టేపు చుడతారు. అవసరం లేదు, పిన్నులు విడిగా తీయొచ్చు. ముందు ఏ రంగు వైరు ఏ గదిలో ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. కనెక్టర్ ముందు వైపు నుంచి చూస్తే ప్రతి పిన్ను మీదా ఒక చిన్న ఇత్తడి నాలుక పైకి లేచి ప్లాస్టిక్‌కి తట్టుకుని ఉంటుంది. సన్న గుండుసూదితో ఆ నాలుకని కిందికి నొక్కి పట్టి, వెనక నుంచి వైరు మెల్లగా లాగితే పిన్ను బయటికి జారుతుంది. ఒక్కో పిన్ను మీద టేపు చుట్టి గోడ దాటించండి. తిరిగి పెట్టే ముందు ఆ నాలుకని సూది మొనతో కాస్త పైకి ఎత్తండి, లేకపోతే పిన్ను నిలవదు. టిక్కుమని వినిపించాక ఒకసారి వెనక్కి లాగి చూడండి.

ఏ చిల్లూ దొరక్కపోతే? డ్రిల్లింగ్ నాకు అసలు ఇష్టం లేని పని, కానీ తప్పని బండ్లూ ఉంటాయి. రెండు వైపులా చూసి, వెనక బ్రేక్ పైపు, ఏసీ పైపు, వైర్లు ఏవీ లేవని చేత్తో తడిమి నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టండి. ముందు 3 మి.మీ. బిట్‌తో చిన్న చిల్లు, తర్వాత స్టెప్ బిట్‌తో (మెట్లుమెట్లుగా లావయ్యే బిట్) మీరు కొన్న గ్రోమెట్ సైజుకి పెంచాలి. రజను పడకుండా కింద తడి గుడ్డ పరవండి. అంచుని ఆకురాయితో నున్నగా చేసి, ప్రైమర్ రెండు పూతలు పూసి, ఆరాకే గ్రోమెట్ ఎక్కించండి. ప్రైమర్ మానేస్తే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. గ్రోమెట్ లేకుండా ఉత్త రేకు చిల్లులోంచి వైరు వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ అంచు కత్తే, ఇంజిన్ అదురుకి కొన్నాళ్లలో పైతొక్క కోసేస్తుంది.

ఇంజిన్ వైపు కట్టడం

గోడ దాటిన వైరుకి స్లీవ్ తొడిగి, కంపెనీ వైరింగ్ ఏ దారిన వెళ్తుందో దాని పక్కనే కట్టుకుంటూ వెళ్లండి, జానెడు జానెడుకి ఒక కేబుల్ టై. సైలెన్సర్ మ్యానిఫోల్డ్, టర్బో, రేడియేటర్ ఫ్యాన్, బెల్టులకి దూరంగా ఉండాలి. బ్రేక్ పైపులకీ పెట్రోల్, డీజిల్ పైపులకీ ఏసీ పైపులకీ కట్టొద్దు. వైరు బాడీ నుంచి ఇంజిన్ మీదికి వెళ్లాల్సి వస్తే మధ్యలో కొంచెం వదులు ఉంచండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ పక్కకి ఊగుతుంది.

ఇంకొకటి, గ్రోమెట్‌లోకి వెళ్లే ముందు వైరు కిందికి వేలాడి, మళ్లీ పైకి లేచి చిల్లులోకి వెళ్లాలి. అద్దం మీద పడ్డ వాన నీళ్లు దిగేది ఆ చుట్టుపక్కలకే. వైరు పైనుంచి నేరుగా చిల్లులోకి దిగితే నీళ్లు దాని వెంటే లోపలికి వస్తాయి. కింద వంపు ఉంటే చుక్కలు అక్కడే రాలిపోతాయి.

లోపలి వైపు, పెడల్స్ కిందికీ స్టీరింగ్ రాడ్ దగ్గరికీ వైరు వేలాడకుండా పైకి కట్టండి. కట్టాక మూడు పెడల్స్ పూర్తిగా తొక్కి, స్టీరింగ్ రెండు వైపులా కొసదాకా తిప్పి చూడండి.

మూయడం

చిల్లు బిగుతుగా ఉంటే సీలెంట్ పెద్దగా అవసరం లేదు, ఎలుకల ఊళ్లో ఉంటే వేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే బండ్లకి ఇది నిజమైన సమస్య, ఖాళీ సందు దొరికితే క్యాబిన్‌లోకే వచ్చేస్తాయి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ క్యూర్ అని రాసింది అడగండి. మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది చూశారా, ఆ ఆమ్లం రాగినీ రేకునీ తినేస్తుంది. ఎం-సీల్ వద్దు. రాయిలా గట్టిపడి అదురుకి పగులుతుంది, రేపు ఇంకో వైరు వేయాలన్నా విప్పలేరు.

కనెక్షన్లు, ఫ్యూజ్

బ్యాటరీ ప్లస్ నుంచి వెళ్లే వైరు మీద ఫ్యూజ్ బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, జానెడు లోపు అనుకోండి. ఫ్యూజ్ కాపాడేది దాని తర్వాతి వైరుని, ముందున్న ముక్కకి రక్షణ లేదు. రెండు 55 వాట్ల బల్బులకి 15 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. కిట్‌లో 30 వేసి ఇచ్చారేమో చూసి మార్చండి. ఎర్త్ థింబుల్ కింద పెయింటు గీకి, మెరిసే రేకు మీద బిగించండి. లైటు మిణుకుమంటోంది అనే ఫిర్యాదులో సగం ఇక్కడే ఉంటుంది.

లోపల ఫ్యూజ్ బాక్స్‌లో, మైనస్ తిరిగి పెట్టాక, టెస్ట్ ల్యాంప్‌తో తాళం తిప్పితే వెలిగి, తీస్తే ఆరిపోయే ఫ్యూజ్ వెతికి, ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజ్ గూట్లోంచే ఇంకో వైరు తీసుకునే ముక్క) వేసి 3 ఆంపియర్ల ఫ్యూజ్‌తో స్విచ్‌కి సప్లై ఇవ్వండి. వైపర్, సిగరెట్ లైటర్ లాంటివి పర్లేదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ అని రాసినవి వద్దు. కంపెనీ వైరుని గీకి మెలిపెడితే రేపు వారంటీ అడిగినప్పుడు వాళ్లకి మీరే సాకు ఇచ్చినట్టు.

ఆంప్లిఫైయర్ కేబుల్ అయితే ఈ ఫ్యూజ్ మాటే ముఖ్యం. ఆంప్ మీద ఫ్యూజ్ ఉందిగా అంటారు, అది కాపాడేది ఆంప్‌ని. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కారు పొడవునా పరిచిన కేబుల్ ఎక్కడైనా రేకుకి తగిలితే వందల ఆంపియర్లు పారి కార్పెట్ కిందే మంట లేస్తుంది. అందుకే బ్యాటరీ దగ్గర, ఎంత దూరమైనా 45 సెం.మీ. దాటకుండా, కేబుల్‌కి తగ్గ ఫ్యూజ్ ఉండాలి. 8 గేజ్ అంటే సుమారు 8 చదరపు మి.మీ. కేబుల్, దీనికి సాధారణంగా 50 ఆంపియర్ల ఫ్యూజ్ వేస్తారు. చవక కిట్లలో రాగి పూత వేసిన అల్యూమినియం వస్తుంది, అదే మందానికి అంత కరెంటు మోయలేదు, ఒక సైజు పెద్దది తీసుకోండి. ఇంత లావు కేబుల్ గ్రోమెట్ ముక్కులో పట్టదు, మూసేసిన చిల్లు వెతికి దానికి సరిపడా గ్రోమెట్ వేయాల్సిందే.

చూసుకోవడం

బ్యాటరీ దగ్గరి మెయిన్ ఫ్యూజ్ ఇంకా పెట్టకుండా ఉంచి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, ఫ్యూజ్ తర్వాతి ఎర్ర వైరుకీ బాడీకీ మధ్య చూడండి. బీప్ వస్తే ఎక్కడో రేకుకి తగులుతోంది, వెతికి సరిచేసేదాకా ఫ్యూజ్ పెట్టొద్దు. రాకపోతే పెట్టి, తాళం తిప్పి, స్విచ్ వేయండి. రిలే టక్కుమనాలి, లైట్లు వెలగాలి. అలాగే పది నిమిషాలు ఉంచి ఫ్యూజ్ హోల్డరునీ రిలేనీ పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఏదో పిన్ను వదులుగా ఉంది.

తర్వాత కార్పెట్ పరవకుండానే, వైపర్ల కింద జాలీ మీద రెండు బకెట్ల నీళ్లు మెల్లగా పోయండి. లోపల గ్రోమెట్ కింద టిష్యూ పేపరు ఆనించి పెట్టుకుంటే ఒక్క చుక్క దిగినా తెలుస్తుంది. తడిస్తే గ్రోమెట్ అంచు రేకు గాడిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం, వేలితో చుట్టూ నొక్కి మళ్లీ పోయండి. తడి లేకపోతే చాప, కార్పెట్, గ్లవ్ బాక్స్ తిరిగి పెట్టేయండి. రిలే దగ్గర, స్విచ్ వెనక వైరుకి ఫాగ్ లైట్ అని రాసిన చిన్న కాగితం టేపుతో చుట్టండి. సర్వీసుకి ఇచ్చేటప్పుడు అదనపు వైరు ఉందని జాబ్ కార్డులో రాయించండి, లేకపోతే ఇదేదో తెలియని వైరని ఎవరో ఊడపీకి పక్కకి కట్టేస్తారు.